గోతిలో రెండు ఇసుక చారలు

మా బేతంచర్లలో ఇల్లంటే రాయి. గోడ రాయి, గచ్చు రాయి, పాత ఇళ్లకైతే పైకప్పు కూడా నాపరాయే. ఆ ఊరి హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా సోషల్ చెబుతున్నాను. అవక్షేప శిలల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల్ని గుట్ట మీదికి తీసుకెళ్లి అక్కడి ఎర్ర ఇసుకరాయి చూపిస్తాను. దాని మీద అలల మడతలుంటాయి. ఒకప్పుడు ఇక్కడ లోతు తక్కువ నీళ్లుండేవనీ, ఆ నీటి కదలికకి ఇసుక అలా మడతలు పడిందనీ, పైన మరింత మట్టి పేరుకుని, బరువుకి బిగిసి రాయైందనీ చెబుతాను. మొన్న ఒక పిల్ల లేచి, "నీళ్లు అట్లా చేస్తుంటే మీరు చూశారా మిస్?" అని అడిగింది. చూడలేదని ఒప్పుకున్నాను.

ఆ మాట స్టాఫ్ రూములో చెప్పుకుని నవ్వుతుంటే మా లెక్కల టీచరు రూతమ్మ, "వేసవి సెలవుల్లో మా ఊరు రండి. మీకు చూపించడానికి మా దగ్గర ఒక్క రాయి కూడా లేదు గానీ, రాయి కాబోయే మట్టి కావలసినంత ఉంది" అంది. వాళ్లది గుడివాడ పక్క పెదపారుపూడి. అలా మే నెల మొదట్లో నేను కృష్ణా డెల్టాకి బయల్దేరాను.

పెదపారుపూడి

గుడివాడలో రైలు దిగగానే నాకు కొత్తగా అనిపించింది నేల. ఎటు చూసినా బల్లపరుపు. కోతలైపోయిన చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి, కాలవలు కట్టేశారు. రోడ్డు పక్క మామిడిచెట్టు కింద ఇద్దరు ఆడపిల్లలు కాయలు కొట్టడానికి మట్టిబెడ్డలు విసురుతున్నారు. మా వైపు అయితే వంగితే చేతికి రాయి తగులుతుంది. ఇక్కడ ఇళ్ల పునాదులకి కంకర కూడా ఎక్కడినుంచో లారీల్లో రావలసిందేనట.

రూతమ్మ వాళ్ల నాన్నగారు కూలి చేసి పిల్లల్ని చదివించారు. ఇప్పుడు ఒక కూతురు నర్సు, రూతమ్మ టీచరు, తమ్ముడు ప్రభుదాసు చేతిబోర్లు వేయిస్తాడు. నన్ను చూడగానే "రండి అక్కగారూ" అని చేతిలో సంచీ అందుకున్నాడు. భోజనాల ముందు వాళ్లమ్మగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. అందులో నా పేరు, నా ప్రయాణం, నా మోకాళ్ల నొప్పులు కూడా వచ్చాయి. అప్పటికి ఆవిడ నన్ను చూసి గంట కూడా కాలేదు. తర్వాత గోంగూర, కొరమేను పులుసు. జొన్నరొట్టె తినే నోటికి ఆ పులుసు ఘాటు కొంచెం ఎక్కువే. నేను నీళ్లు తాగుతుంటే, అన్నం మరికాస్త కలుపుకోమని సలహా ఇచ్చారు.

సాయంత్రం పక్క వీధిలో ప్రభుదాసు బోరు వేయిస్తుంటే వెళ్లి కూర్చున్నాను. నలుగురు మనుషులు గొట్టాన్ని తిప్పుతూ దించుతున్నారు. ప్రతి రెండు మూడు అడుగులకీ పైకొచ్చిన మట్టిని ప్రభుదాసు సిమెంటు సంచి మీద చిన్న చిన్న కుప్పలుగా వరసన పెడుతున్నాడు. ఒక్కో కుప్పలోంచి చిటికెడు తీసి వేళ్ల మధ్య రాసి, తర్వాత నోట్లో వేసుకుని ముందుపళ్లతో కొరికి, ఉమ్మేస్తున్నాడు.

నేను ఆశ్చర్యపోయాను. కాలేజీలో మా సారు సరిగ్గా ఇదే నేర్పారు. పళ్లకింద కరకరమంటే ఒండ్రు, వెన్నలా జారితే బంకమన్ను. ఇది మీకెవరు చెప్పారని అడిగితే, తనకి పని నేర్పిన మేస్త్రీ అన్నాడు. ఆ మేస్త్రీకి సంతకం కూడా రాదట.

"చూడండక్కగారూ, ఇది ఎర్రగా ఉండి కాకిబంగారం మెరుస్తోంది కదా, ఇది కృష్ణ తెచ్చింది. దీంట్లో నీళ్లు బాగుంటాయి. ఇదిగో ఈ బూడిదరంగు దాంట్లో గవ్వలున్నాయి, ఇది సముద్రానిది. ఇక్కడ ఆగితే ఉప్పునీళ్లే. నల్లగా కుళ్లు వాసనేస్తుందే, ఇది మడ అడవి ఉన్నచోటు."

గుడివాడ పక్కన, సముద్రానికి అంత దూరంలో, అరచేతిలో గవ్వముక్క పెట్టి చూపించాడు. పాఠంలో నేను ఇరవై ఆరేళ్లుగా చెబుతున్నది అదే. ఏ నీళ్లు తెచ్చాయో, అవి ఎంత వేగంగా పారాయో, ఎక్కడ నిలబడ్డాయో మట్టి తనలో దాచుకుంటుంది. నేను దాన్ని పరీక్షలో మార్కుల కోసం చెప్పాను. అతను దాన్నిబట్టి మనుషులకి నీళ్లిస్తున్నాడు.

మంగినపూడి

మర్నాడు పొద్దున్నే బస్సులో బందరు, అక్కడినుంచి ఆటోలో మంగినపూడి. ఇక్కడి తీరంలో ఇసుక కంటే నల్లటి ఒండ్రు ఎక్కువ. అప్పుడే ఆటు మొదలైంది. నీళ్లు వెనక్కి జరుగుతున్నకొద్దీ ఒక్కో అల తన గుర్తు వదిలి వెళ్తోంది. మడత పక్క మడత, మా గుట్ట మీది రాయి లాగే. వంగి వేలితో తాకితే మడత చెదిరిపోయింది. రాయి మీద అరిగిపోని గుర్తు, ఇక్కడ ఇంకా తడిగా, చెయ్యి తగిలితే పోయేంత మెత్తగా ఉంది. ఎందుకో కళ్లలో నీళ్లొచ్చాయి.

ఆ మైకంలో రెండడుగులు ముందుకేసి పిక్కల దాకా బురదలో దిగబడ్డాను. కాలు వచ్చింది గానీ చెప్పు రాలేదు. వల బాగుచేసుకుంటున్న ఒకాయన లేచొచ్చి మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు, దొరకలేదు. ఎప్పటికో ఎవరికో దొరుకుతుందిలెండి అని ఓదార్చాడు. ఆటో అతను నన్ను బందరులో ఒక చెప్పుల కొట్టు ముందు ఆపి, అక్కడ కొన్నాక పక్కనే ఉన్న మిఠాయి కొట్టుకి కూడా తీసుకెళ్లాడు. బందరు లడ్డు తినకుండా వెళ్తే ఊరుకోనన్నాడు. నెయ్యి వేళ్లకి అంటుకుంది, నోట్లో పెట్టుకుంటే నలకలేకుండా కరిగింది. ప్రభుదాసు మట్టి కొరకడం గుర్తొచ్చి పళ్లతో కరకర కోసం వెతికాను.

పులిగడ్డ దాటాక

ప్రభుదాసు ఆ మధ్యాహ్నం బందరులో కలిశాడు. దివిసీమ చివర పాలకాయతిప్ప దగ్గర ఒక పల్లెలో బావి తవ్వించాలని ఎవరో అడిగారట. రమ్మంటే అతని వ్యానులో ఎక్కాను. పులిగడ్డ దగ్గర ఏటిపాయ మీదుగా కాలవని కట్టడం మీద దాటించారు. కింద నది, పైన కాలవ. అది దాటితే దివిసీమ, కృష్ణ రెండు పాయల మధ్య పడుకున్న నేల. అవనిగడ్డ దాటి కోడూరు వైపు తిరిగాక చేలు తగ్గి చేపల చెరువులు ఎక్కువయ్యాయి, తర్వాత రొయ్యల చెరువులు, తర్వాత ఉప్పు పేరుకున్న బీడు. దారిలో తాటిముంజెలు కొన్నాం. డజను ఎనభై. అమ్మేవాడు కత్తితో కాయ చెక్కి, నేను కొత్తదాన్నని తెలిసి, తొక్కు తీయకుండా తినాలని నేర్పాడు.

మాకు పని చెప్పినావిడ పేరు నాంచారమ్మ. యాభై అయిదు దాటి ఉంటుంది. కొడుకులు సముద్రంలో వేటకెళ్తారు, ఆవిడ చేపలు అవనిగడ్డ తీసుకెళ్లి అమ్ముతుంది. తాగడానికి డబ్బా నీళ్లు కొంటున్నారు. వండటానికి, కడగడానికి రెండు మైళ్ల దూరం నుంచి మోపెడ్ మీద మోసుకోవాలి, అవీ కాస్త ఉప్పనే. ఇంటి వెనక పల్లంలో బావి పడుతుందేమో చూడమంది. ప్రభుదాసు ఆ పల్లాన్ని చూసి పెదవి విరిచాడు గానీ, ఆవిడ మొహం చూసి కాదనలేకపోయాడు. మర్నాడు తవ్వుదామన్నాడు. ఆ రాత్రి నన్ను ఆవిడ ఇంట్లోనే పడుకోబెట్టారు. రొయ్యల వేపుడు, చారు పెట్టి, నీళ్లు మాత్రం గ్లాసులో కొలిచినట్టు పోసి, "ఏమనుకోకండి టీచరు గారూ" అంది.

గోతి

పొద్దున ఇద్దరు మనుషులు తవ్వడం మొదలుపెట్టారు. పైన జానెడు మందాన నల్లమట్టి. దాని కింద ఒక్కసారిగా తెల్లటి ఇసుక, నాలుగు వేళ్ల మందం, గోడ చుట్టూ చార గీసినట్టు. నాకు ప్రాణం లేచొచ్చింది. గోతిలోకి దిగి కొలత కోసం పక్కన పెన్ను పెట్టి ఫోటో తీశాను.

"నాంచారమ్మ గారూ, ఎంత చక్కగా ఉందో చూడండి. ఇది ఒక్క రోజులో వచ్చిపడింది. కింద గవ్వముక్కలు, లావు ఇసుక. పైకొచ్చేకొద్దీ సన్నం. పెద్ద ప్రవాహం వచ్చి, నెమ్మదించి, వెనక్కి పోయింది."

ప్రభుదాసు దగ్గాడు. నేను తలెత్తి చూశాను. నాంచారమ్మ గోతి అంచున చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ ఇసుకలోంచి పలుగుకి ఒక పెంకుముక్క, వలకి కట్టే సీసపు గుండు ఒకటి తగిలి కింద పడ్డాయి.

"ఉప్పెనప్పటిది కదండీ" అంది. "మా అమ్మా తమ్ముడూ ఆ రోజే పోయారు."

నాకు తల కొట్టేసినట్టయింది. క్లాసులో ఎన్నోసార్లు ఉప్పెన అన్న మాట పలికాను. అది నాలుగు వేళ్ల మందం ఉంటుందని, దాని ముందు నిలబడ్డ మనిషి ఒకరుంటారని ఆలోచించలేదు. పైకొచ్చి ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆవిడ, తెలియక అన్నారులెండి అని నన్నే అరుగు మీద కూర్చోబెట్టింది. అప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్లు. నాన్న ఆవిడని ఎత్తుకుని తుమ్మచెట్టెక్కాడు. తెల్లారేదాకా ముళ్లని కౌగిలించుకుని ఉన్నారు. జాకెట్టు చెయ్యి పైకి జరిపి చూపించింది, మచ్చలు ఇంకా ఉన్నాయి.

తవ్వకం సాగింది. మళ్లీ నల్లమట్టి, ఈసారి చాలా మందం. మనిషి నడుము దాటాక మరో తెల్ల చార కనిపించింది. ఈసారి నేను ఫోటో తీయలేదు. ఇంకాస్త దిగాక నీరు ఊరింది. ప్రభుదాసు చేతిలోకి తీసుకుని నాలిక తడిపి, ఉమ్మేశాడు. ఉప్పు.

ఇంటి ముందు, వీధికి అవతలున్న ఇసుక దిబ్బని ప్రభుదాసు చూపించాడు. అది పాతకాలపు సముద్రపు గట్టు. వాన నీళ్లు ఆ ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటి మీద తేలుతూ నిలిచి ఉంటాయి. అక్కడ లోతుగా కాకుండా తవ్వితే తియ్యటి నీళ్లు తప్పకుండా పడతాయన్నాడు. నాంచారమ్మ అడ్డంగా తలూపింది. ఆ దిబ్బ వీరమ్మదట. ఆవిణ్ణి అడగలేమంది.

ఎందుకని అడిగితే అప్పుడు చెప్పింది. ఉప్పెనొచ్చిన ఏడు అమ్మవారి కొలుపులు జరుగుతున్నాయి. ఆ మూడు రోజులూ ఊళ్లో ఎవరూ వేటకి వెళ్లకూడదు. నాంచారమ్మ తండ్రి కోటయ్య వెళ్లాడు. ఇంట్లో పిల్లాడికి జ్వరం, గింజలు లేవు. ఎవరూ చూడరనుకుని ఏరు సముద్రంలో కలిసే మొగలో వల వేసొచ్చాడు. మరుసటి వారమే సముద్రం ఊరి మీదికొచ్చింది. వీరమ్మకి భర్త, ఇద్దరు కొడుకులు పోయారు. శవాలు కూడా దొరకలేదు. ఆవిడ మిగిలిన పదిమందిలో నిలబడి, నీ వల మూలానే కోటయ్యా అంది. ఊరంతా ఆ మాటే నమ్మింది. కోటయ్య కూడా నమ్మాడు. మళ్లీ వల పట్టకుండా బందరులో మూటలు మోసి, అక్కడే చనిపోయాడు.

"మా నాన్న పోయేముందు కూడా నన్నడిగాడండీ, నా మూలానే అంటావా నాంచారీ అని. నాకేం తెలుసు, లేదు నాన్నా అన్నాను. తెలియకుండానే అన్నాను."

నేను లేచి మళ్లీ గోతిలోకి దిగాను. కింది చార ఆవిడకి ఏం చెబుతుందో నాకు తట్టింది. కానీ ఆవిడకి ఊరటగా ఉంటుందని ఉన్నదీ లేనిదీ చెప్పకూడదు. నది వరద తెచ్చినదైతే? ఎర్రటి ఒండ్రు ఉండాలి, కాకిబంగారం మెరవాలి. మెరవలేదు. చాలాకాలం నెమ్మదిగా పేరుకున్న తీరమైతే? అప్పుడు కింది మట్టి అంచు ఇలా కత్తితో కోసినట్టు ఉండదు. ఇసుకలో నల్లమట్టి గడ్డలు చిక్కుకుని ఉన్నాయి, నీళ్లు నేలని పెళ్లగించి తెచ్చినట్టు. విరిగిన గవ్వలు అడుగున, సన్న ఇసుక పైన. పై చార ఎలా ఉందో ఇదీ అచ్చం అలాగే ఉంది. ప్రభుదాసు కూడా దిగి కొరికి చూసి, నా వైపు చూసి తలూపాడు.

నాంచారమ్మ పైనుంచి వంగి చూస్తోంది.

"ఇది కూడా ఉప్పెనేనమ్మా" అన్నాను. "అంతకుముందెప్పుడో వచ్చింది."

"ఎప్పుడు?"

"ఏళ్లు చెప్పలేను. దీని మీద ఇంత నల్లమట్టి పేరుకోవాలంటే ఎన్నో తరాలు పట్టి ఉంటుంది. పైదాంట్లో పెంకులున్నాయి, వల గుండుంది. దీంట్లో మనిషి వస్తువు ఒక్కటీ లేదు. ఈ ఒక్క గొయ్యి చూసి అప్పుడిక్కడ ఊరే లేదని అనలేను. కానీ సముద్రం మాత్రం వచ్చింది. మీ నాన్నగారు పుట్టకముందే వచ్చింది."

ఆవిడ చాలాసేపు ఆ చార వైపే చూసింది. తర్వాత గొయ్యి పూడ్చొద్దని చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్లిపోయింది.

అరగంటకి వీరమ్మ వచ్చింది. ఎనభైకి దగ్గర్లో ఉన్న మనిషి, చేతికర్ర. వెనకాల పదడుగుల దూరంలో నాంచారమ్మ. ఏం చెప్పి తీసుకొచ్చిందో నేనడగలేదు. వీరమ్మ నాతోనే మాట్లాడింది, ఏదో చూడమన్నారంట కదా అని. నేను రెండు చారలూ చూపించి, ఇందాక చెప్పిందంతా మళ్లీ చెప్పాను. కింది చారలోంచి కొంచెం ఇసుక ఇమ్మంది. ప్రభుదాసు తీసి ఇస్తే అరచేతిలో పరిచి వేలితో కెలికింది.

"అప్పుడెవరు వేటకెళ్లారంట?" అని అడిగింది.

నాంచారమ్మే, "ఎవరూ ఉండి ఉండరత్తా" అంది.

వీరమ్మ చేతిలో ఇసుక కింద పోసి దులుపుకుంది. తర్వాత పై చారలోంచి అడిగింది. ఈసారి ప్రభుదాసు రెండు చేతులతో తీసిచ్చాడు. దాన్ని ఆవిడ కెలకలేదు. కొంగు చివర పోసి, గట్టిగా ముడేసుకుని, ఆ ముడిని గుప్పిట్లో పట్టుకుని వెళ్లిపోయింది.

పాలకాయతిప్ప

మర్నాడు నా తిరుగు ప్రయాణం. తెల్లవారగానే నాంచారమ్మ నన్ను పాలకాయతిప్ప తీసుకెళ్లింది. కృష్ణ సముద్రంలో కలిసేచోట నీళ్లు రెండు రంగులుగా ఉన్నాయి, ఇటు మట్టిరంగు, అటు బూడిద ఆకుపచ్చ. నది ఎక్కడెక్కడి కొండలనో అరగదీసి తెచ్చింది ఇక్కడ దింపుతోంది. అందులో ఏ వాగో కలిపిన మా వైపు మట్టి కూడా ఉండి ఉంటుందని చెబితే ఆవిడ నవ్వింది. రెండు రోజుల్లో అదే మొదటిసారి నవ్వడం. దారిలో తండ్రి గురించి చాలా చెప్పింది. ఆయన ఏటి పాటలు పాడేవాడట, బందరు వెళ్లాక మానేశాడట.

మేం తిరిగొచ్చేసరికి ప్రభుదాసు వ్యాను దగ్గర నిలబడి దిబ్బ వైపు చూస్తున్నాడు. దిబ్బ మీద వీరమ్మ ఉంది. ఒక్కతే, కర్రతో ఇసుకలో గుండ్రంగా గీత గీస్తోంది. గీయడం అయ్యాక కేకేసి ప్రభుదాసుని పిలిచింది.

"కోటయ్య కూతురికి చెప్పు, ఇక్కడ తవ్వుకోమని. ఇటైతే కొబ్బరి వేళ్లు అడ్డం రావు."

నాంచారమ్మ నా పక్కనే ఉంది. ఆ నింద వేసిన రోజు తర్వాత వీరమ్మ నోటి వెంట తన తండ్రి పేరు వినడం ఇదే మొదటిసారని తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం వెళ్లి గీత పక్కన నిలబడింది. ఇద్దరూ ఆ గీతనే చూస్తూ ఉండిపోయారు. ప్రభుదాసు పలుగు తేవడానికి వెళ్లాడు. నాకు బస్సు టైమైంది.

బేతంచర్ల

ఇంటికొచ్చిన పదకొండో రోజు ఫోనొచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో దగ్గుతున్నారు.

"టీచరు గారూ, నాంచారమ్మనండీ. బావి పడింది. నీళ్లు బాగున్నాయి. ఇవాళ కందిపప్పు పెట్టాను, గంటలో మెత్తగా ఉడికింది. ఇన్నాళ్లూ ఆ ఉప్పునీళ్లలో ఎంత మంట పెట్టినా పలుకు పలుకుగానే ఉండేది."

సంతోషమని చెప్పి, వీరమ్మ గారు ఎలా ఉన్నారని అడిగాను.

"ఇదిగో, తింటంది" అంది. అని ఫోను పక్కకి పెట్టి, "ఇంకొంచెం వెయ్యనా అత్తా?" అని అడగడం నాకు వినిపించింది.